ఉప్పల్ వైపు కుక్కని గొలుసు విప్పి వదలడానికి కంచె ఉన్న చోటు ఎక్కడైనా ఉందా?

ఉప్పల్_బీగిల్
మాది ఉప్పల్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. చింటూ అని రెండేళ్ళ బీగిల్ ఉన్నాడు. పొద్దున 40 నిమిషాలు, రాత్రి అరగంట గొలుసుతో తిప్పుతున్నాం. అయినా ఇంటికి రాగానే సోఫా దిండు లాక్కొచ్చి నడింట్లో దూది ఏకుతాడు. మొన్న సంక్రాంతికి అమ్మావాళ్ళ ఊరు తీసుకెళ్ళి, వరి కోసేసిన మడిలో వదిలాం. గంటసేపు పిచ్చిపట్టినట్టు పరిగెత్తాడు. తర్వాత రెండు రోజులు మా అత్తగారు కూడా "ఇది మన కుక్కేనా" అన్నారు. అప్పుడర్థమైంది, వాడికి కావాల్సింది నడక కాదు, పరుగు.

పోయిన వారం ధైర్యం చేసి ఉప్పల్ భగాయత్ లేఅవుట్‌లో తెల్లారకముందే గొలుసు విప్పాను. ముక్కు నేలకి ఆనించాడు, అంతే. పేరు పెట్టి అరిచినా వినలేదు. మూడు గంటలు వెతికితే చికెన్ షాపు వెనక దొరికాడు. ఆ మూడు గంటల టెన్షన్ పగవాళ్ళకి కూడా వద్దు.

చుట్టూ గోడో కంచో ఉండి, కుక్కని వదలనిచ్చే చోటు ఉప్పల్, నాగోల్, బోడుప్పల్, ఘట్‌కేసర్ వైపు ఎవరికైనా తెలుసా? డబ్బులు తీసుకున్నా పర్వాలేదు.

గచ్చిబౌలి_జిమ్మీ
కొండాపూర్ డాగ్ పార్క్. జీహెచ్ఎంసీ వాళ్ళు కట్టింది. ఇంకేం ఆలోచించకుండా వెళ్ళండి.

ఉప్పల్_బీగిల్
అది తెలుసండీ. మా ఇంటి నుంచి ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి. ఆదివారం పొద్దునే అయినా గంట, వచ్చేటప్పుడు గంటన్నర. మెట్రోలో కుక్కని ఎక్కనివ్వరు. ఆటోవాళ్ళు చింటూని చూసి మీటర్ మీద వంద అంటారు.

సైనిక్‌పురి_సీత
జిమ్మీగారూ, కొండాపూర్ దగ్గరున్నవాళ్ళందరూ ఇదే మాట అంటారు. ఊరంతా మీ గచ్చిబౌలి చుట్టూనే ఉందనుకుంటే ఎలా? మాకు సైనిక్‌పురి నుంచి కూడా అది పిక్నిక్కే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఆ పార్కు 2018లో తెరిచారు. 1.3 ఎకరాలు, ఖర్చు కోటీ పది లక్షలు. అంతకుముందు అక్కడ చెత్త పోసేవాళ్ళు. పెద్ద కుక్కలకీ చిన్న కుక్కలకీ వేరువేరు ఆవరణలు, నీళ్ళ కొలను, శిక్షణ సామాను, క్లినిక్ అన్నీ కలిపి కట్టారు. టీకాల కార్డు పట్టుకుని వెళ్ళాలి. ఆలోచన బాగుంది, కాదనను. ఇంత ఊరికి అలాంటివి పది ఉండాలి.

నాగోల్_నారాయణ
మనుషులు నడవడానికి ఫుట్‌పాత్ లేదు, కుక్కలకి పార్కు కావాలంట. మా కాలనీలో పిల్లలు ఆడుకునే స్థలంలో పొద్దున్నే కుక్కల్ని తెచ్చి కూర్చోబెడతారు. తీసేది ఎవరు? మా మనవడు బూట్లతో ఇంట్లోకి వచ్చేదాకా తెలియదు.

హస్కీ_అనకండి
బాబాయ్, అందుకేగా వాటికి వేరే చోటు అడుగుతున్నాం.

నాగోల్_నారాయణ
నీ పేరు చూస్తేనే అర్థమైతుంది. 43 డిగ్రీల ఊళ్ళో మంచు కుక్క.

హస్కీ_అనకండి
అందుకే ఆ పేరు పెట్టుకున్నా. ఎవరూ ఆగలేదు.

(నేను కొన్నది కాదు. బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయిన ఒకాయన వదిలేసి వెళ్ళారు. ఏసీ బిల్లు అడగకండి.)

కోర్టు_పక్షి
రెండు విషయాలు కలిసిపోతున్నాయి. జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంట్ సంఘం కుక్కని పెంచొద్దని తీర్మానం చేయకూడదు, లిఫ్ట్‌లో ఎక్కించొద్దనీ అనకూడదు. కానీ అందరూ తిరిగే చోట గొలుసు వెయ్యమని అడగొచ్చు. అడిగితే వెయ్యాలి. మీ కుక్క ఎవరినైనా కరిస్తే "మావాడు మంచోడండీ" అన్న మాట పనికిరాదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద, జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉంటే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కాబట్టి భగాయత్ రోడ్ల మీద గొలుసు విప్పడం మానండి. అక్కడ పొద్దున కారు నేర్చుకునేవాళ్ళు కూడా ఉంటారు.

ఉప్పల్_బీగిల్
విప్పడం ఆ రోజుతోనే మానేశాను. బుద్ధొచ్చింది.

జూబ్లీ_జాగర్
కేబీఆర్ పార్కులో ప్రయత్నించారా? పెద్ద స్థలం, చుట్టూ గోడ ఉంది.

సైనిక్‌పురి_సీత
అది నేషనల్ పార్క్ అండీ. లోపల నెమళ్ళుంటాయి. కుక్కని గొలుసుతో కూడా రానివ్వరు. బీగిల్‌ని అక్కడ వదిలితే ఈ చర్చ పేపర్లో వస్తుంది.

పత్తికొండ_పులి
మాది కర్నూలు జిల్లా. పందికోన కుక్క ఉంది నా దగ్గర. పత్తికొండ మండలంలో పందికోన అనే ఊరు ఉంది, అక్కడివి. కాపలాకీ అడవిపందుల్ని తరమడానికీ పెట్టింది పేరు. మా ఊళ్ళో కంచె అంటే మనుషులు రాకుండా వేసేది, కుక్క పోకుండా కాదు. ఉద్యోగం మీద దాన్ని హైదరాబాద్ తెచ్చి రెండు గదుల ఇంట్లో పెట్టాను. మొదటి నెల అది నా మొహం చూళ్ళేదు.

నేను చేసింది చెప్తా అక్కా. ఎలక్ట్రికల్ షాపులో కాదు, పడవలకి వాడే రకం నైలాన్ తాడు 30 అడుగులు కొన్నా. మెడ పట్టీకి కట్టకూడదు, పరుగులో జర్క్ వస్తే మెడకి దెబ్బ తగులుతుంది. ఒంటికి వేసే హార్నెస్‌కి కట్టాలి. ఖాళీ గ్రౌండ్‌లో తాడు నేల మీద ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. పిలిచినప్పుడు వస్తే ఉడకబెట్టిన చికెన్ ముక్క, రాకపోతే తాడు మీద కాలు. మూడు నెలల్లో ఈల వేస్తే వెనక్కి వస్తోంది.

ఇంకోటి. దాన్ని పిలిచి వెంటనే గొలుసు వేసి ఇంటికి తీసుకుపోకూడదు. పిలుపంటే ఆట అయిపోయిందని దానికి అర్థమైతే ఇంక జన్మలో రాదు. పదిసార్లు పిలిచి తొమ్మిదిసార్లు మళ్ళీ వదిలెయ్యాలి.

హస్కీ_అనకండి
తాడు మీద కాలేస్తే మావాడు నన్ను కూడా ఈడ్చుకెళ్ళాడు. మోకాలు చూపించమంటారా?

పశువైద్యం_చదివినోడు
పులి చెప్పింది మంచి పద్ధతి. కాకపోతే బీగిల్ వాసన వెంట పోయే వేట జాతి. ముక్కు పనిలో ఉన్నప్పుడు చెవులు పనిచేయవు. తాడు వాడండి, కానీ తాడు లేకుండా వదలాలంటే వీటికి గోడ ఉండాల్సిందే. అది మీ పెంపకం లోపం కాదు.

ఎక్కడికి తీసుకెళ్ళినా, కుక్కలు కలిసే చోటైతే కొన్ని చూసుకోండి. కుక్కపిల్లకి పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల చివరి టీకా డోసు అయ్యేదాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు దాకా, వేరే కుక్కలు తిరిగే మట్టిలో దింపొద్దు. పార్వో మట్టిలో నెలల తరబడి బతికుంటుంది, ఫినాయిల్ కొట్టాం కదా అనుకుంటే పోదు. రేబిస్ టీకా ఏటా వేయించాలి. గోమార్ల మందు మానొద్దు. మన దగ్గర టిక్ ఫీవర్‌తో వచ్చేవి ఎన్నో, గడ్డి పెరిగిన చోట మరీ. ఎదకొచ్చిన ఆడకుక్కని ఆ మూడు వారాలు తీసుకురావద్దు, మిగతావాళ్ళ ప్రశాంతత కోసం.

ఎండాకాలంలో అరచేతి వెనకవైపు నేలకి ఆనించి ఐదు సెకన్లు ఉంచండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకీ అంతే. పగ్, షీట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని పొద్దున ఏడు దాటాక పరిగెత్తించొద్దు.

సైనిక్‌పురి_సీత
డాక్టర్‌గారూ, గోమార్లు అన్నారు చూడండి, ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట! అందరూ టిక్స్ టిక్స్ అంటూ.

మణికొండ_మౌళి
ప్రైవేటు ప్లే ఏరియాలు ఉన్నాయి కదా, మొయినాబాద్, గండిపేట వైపు ఫామ్‌హౌస్‌లలో. గంటకి ఇంత అని తీసుకుంటారు. ఈత కొలను కూడా ఉంటుంది.

అల్వాల్_పిన్ని
నేను అలాంటి ఒకదానికి వెళ్ళాను, పేరు చెప్పను. పెద్దవీ చిన్నవీ ఒకే చోట వదిలారు. మా షీట్జూ ఐదు కిలోలు. ఒక పెద్ద కుక్క ఆడుకుంటూనే దాన్ని బొమ్మలా నోట కరుచుకుంది. ఏడు కుట్లు. ఆ కుక్క యజమాని కాఫీ తాగుతూ ఫోన్ చూసుకుంటున్నాడు. "ఆడుకుంటున్నాయండీ" అన్నాడు. అప్పట్నుంచి మాది మేడ మీదే.

కంచె చూసి మోసపోకండి. కంచె బయటికి పోకుండానే ఆపుతుంది. లోపల జరిగేదానికి మనుషుల కళ్ళు కావాలి.

గచ్చిబౌలి_జిమ్మీ
పిన్నిగారూ, అందుకే కొండాపూర్‌లో చిన్నవాటికి వేరే

అల్వాల్_పిన్ని
మళ్ళీ కొండాపూర్!

బెంగళూరు_బంటి
మాకిక్కడ కబ్బన్ పార్కులో కుక్కలకి విడిగా కంచె వేసిన చోటు ఉంది. ఆదివారం జాతరలా ఉంటుంది. మా ఆవిడ కుక్కని చూడ్డానికి వస్తుంది, మాకు కుక్క లేదు.

సీతమ్మధార_స్నూపీ
వైజాగ్‌లో మాకు బీచ్ ఉంది, కంచె లేదు. ఒక వైపు సముద్రం కంచే అనుకోండి. రెండో వైపు ముంతమసాలా బండి. మావాడు ఎప్పుడూ రెండో వైపే పారిపోతాడు.

రెడ్మండ్_తెలుగు
ఈ చర్చ చదువుతుంటే మా మొదటి ఏడాది గుర్తొచ్చింది. సియాటిల్ పక్కన మాకు మేరీమూర్ పార్కు ఉంది. అందులో కుక్కలకి వదిలిన భాగమే 40 ఎకరాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు చుట్టూ కంచె ఉంటుందనుకున్నా. ఉంటుంది, కానీ నది వైపు ఉండదు. మా ల్యాబ్రడార్ గొలుసు విప్పగానే నేరుగా వెళ్ళి సమామిష్ నదిలో దూకింది. అమ్మ ఇండియా నుంచి వీడియో కాల్‌లో ఉంది. "ఒరేయ్ కుక్క కొట్టుకుపోతోంది" అని అక్కణ్ణుంచి కేకలు. అదేమో హాయిగా ఈదుకుంటూ బాతుల్ని పలకరించి వచ్చింది.

అక్కడ నేర్చుకున్న ఒక్క మంచి విషయం రెండు గేట్ల పద్ధతి. కంచె ఉన్న ఏ డాగ్ పార్కుకి వెళ్ళినా మొదటి గేటు, తర్వాత చిన్న గదిలాంటి ఖాళీ, తర్వాత రెండో గేటు. మొదటిది మూశాకే రెండోది తియ్యాలి, గొలుసు ఆ మధ్య గదిలోనే విప్పాలి. ఒక కుక్క లోపలికి వస్తుంటే ఇంకోటి బయటికి దూరిపోవడం ఉండదు. ఖర్చు కూడా ఏమంత కాదు, నాలుగు పైపులు, జాలీ, ఒక గడియ.

ఇంతకీ ఉప్పల్‌గారూ, నాకు నారపల్లి దాటాక 400 గజాల ప్లాట్ ఉంది. ఆరడుగుల ప్రీకాస్ట్ గోడ, ఇనప గేటు. లోపల ఏమీ లేదు. మూడు నెలలకోసారి మా నాన్నగారు కొత్తపేట నుంచి వెళ్ళి చూసి వస్తారు. గడ్డి పీకించి, ఫోటో తీసి పంపిస్తారు. చూసుకుని వాడుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

ఉప్పల్_బీగిల్
మీరు నిజంగానే అంటున్నారా? నారపల్లి మాకు పొద్దున పావుగంట.

పత్తికొండ_పులి
అన్న తెలివి చూశారా. ప్లాట్‌లో రోజూ నాలుగు కుక్కలు తిరుగుతుంటే కబ్జా చేసేవాడు గోడ మీదకి చెయ్యి కూడా పెట్టడు.

రెడ్మండ్_తెలుగు
పులిగారూ, నా రహస్యం బయటపెట్టేశారు. పక్క ప్లాట్ ఆయనకి పోయినేడాది రాత్రికి రాత్రి గోడ మాయమైంది. అప్పట్నుంచి మా నాన్నగారికి నిద్ర లేదు.

కోర్టు_పక్షి
ఆగండి ఆగండి. అక్కడ ఎవరినైనా కరిస్తే స్థలం ఇచ్చినాయన్ని కూడా కాగితాల్లోకి లాగుతారు. ఎవరి కుక్కకి వాళ్ళదే బాధ్యత, స్థలం మీద ఎవరికీ ఏ హక్కూ రాదు, అడిగిన రోజు ఖాళీ అని ఒక పేజీ రాసుకుని అందరూ సంతకం పెట్టండి. డబ్బులు తీసుకోవద్దు, తీసుకుంటే వ్యవహారం మారుతుంది. ప్లాట్ నంబరూ ఫోన్ నంబరూ ఇక్కడ పెట్టకండి, మెసేజ్‌లో మాట్లాడుకోండి.

నాగోల్_నారాయణ
పక్కింటివాళ్ళని అడిగిన్రా? వాళ్ళకి పిల్లలుండరా? 2023లో అంబర్‌పేటలో ఏమైందో మర్చిపోయిన్రా? నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు కరిచి చంపినయి. ఆ వీడియో చూసినంక మా కోడలు పిల్లాణ్ణి నెల రోజులు బయటికి పంపలేదు.

సైనిక్‌పురి_సీత
మర్చిపోలేదు నారాయణగారూ. వీధికుక్కలకి తిండి పెట్టేదాన్ని నేను, ఆ మాట ఎన్నిసార్లు నా మొహం మీద అన్నారో. మీ భయం తప్పనను. మా వీధిలో పదకొండు కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించాను. అవి ఇప్పుడు గుంపు కట్టి తరమడం లేదు. పక్కింటివాళ్ళని ముందు అడగాలన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. అడక్కుండా మొదలుపెడితే రెండో రోజే గొడవ.

రెడ్మండ్_తెలుగు
చుట్టుపక్కల ఇంకా ఇళ్ళు లేవు. రెండు ప్లాట్ల అవతల ఒక వాచ్‌మన్ కుటుంబం ఉంది. ఇద్దరు పిల్లలు. నాన్నగారు వెళ్ళి మాట్లాడతారు.

పశువైద్యం_చదివినోడు
వదిలే ముందు ఒకసారి ప్లాట్ అంతా నడిచి చూడండి. సీసా పెంకులు, కట్టుబడి మేకులు, వైరు ముక్కలు. వయ్యారిభామ కలుపు మొక్క ఉంటే వేళ్ళతో పీకించండి, కుక్కకే కాదు మీకూ దురద. గడ్డి చీలమండ దాటి పెరగనివ్వొద్దు, పాములు. గోడ పలకల కింద సందులు చూడండి. బీగిల్ తవ్వుతుంది. హస్కీ ఇంకా బాగా తవ్వుతుంది, ఎగురుతుంది కూడా.

హస్కీ_అనకండి
మమ్మల్ని పిలిచారా లేదా ముందు అది తేల్చండి.

ఉప్పల్_బీగిల్
పిలిచాం. చింటూతో ఒకసారి గొలుసు మీద కలిపి నడిపించాక.

నాగోల్_నారాయణ
ఆ రెండు గేట్ల సంగతి. ఎన్ని అడుగులు పెట్టాలె మధ్యల?

రెడ్మండ్_తెలుగు
ఐదడుగులు చాలు. ఎందుకండీ?

నాగోల్_నారాయణ
మా తమ్ముడికి బోడుప్పల్‌ల వెల్డింగ్ షాపు. ఊరికే అడిగిన.

అల్వాల్_పిన్ని
ఊరికే!

నాగోల్_నారాయణ
కుక్క బయటికి రాకపోతే మంచిదే కదమ్మా. గడియ పైన పెట్టాలె, కింద పెడితే మూతితో ఎత్తుతయి. మా అన్న దగ్గర దొడ్డిల బర్రె ఎత్తేది.

ఉప్పల్_బీగిల్
నెల తర్వాత రాస్తున్నా, ఏమైందని చాలామంది మెసేజ్ పెట్టారు.

గేటు అయింది. నారాయణగారి తమ్ముడు పాత పైపులతో చేశారు, నలుగురం పంచుకున్నాం. ఒక ట్రాక్టర్ గడ్డీ చెత్తా పోయింది. రెడ్మండ్ వాళ్ళ నాన్నగారు మొదటి ఆదివారం కుర్చీ వేసుకుని కూర్చున్నారు, కుక్కల్ని చూడ్డానికా మమ్మల్ని చూడ్డానికా తెలియదు. వాచ్‌మన్ పిల్లలు గోడ అవతల పెద్ద రాయి ఎక్కి చూస్తారు. పెద్ద కుక్కలు ఆరింటికి, చిన్నవి ఆరున్నరకి. మూడు కంటే ఎక్కువ ఒకేసారి వద్దనుకున్నాం. ఫోన్లు గేటు దగ్గర బుట్టలో పెట్టాలి, అది పిన్నిగారి షరతు. ఆవిడ ఇంకా షీట్జూని దింపలేదు, చంకలో పెట్టుకునే వస్తారు.

ఇక చింటూ. ఇంత చేశాక పరిగెత్తుతాడు అనుకుంటే, మొదటి ఇరవై నిమిషాలు ఒక్క మూల దగ్గరే నిలబడి వాసన చూశాడు. ఎవరు పిలిచినా తల తిప్పలేదు. తర్వాత ఏమనిపించిందో, గోడ వెంట పదిహేను చుట్లు. ఇంటికొచ్చి దిండు మీద తల పెట్టి పడుకున్నాడు, చీల్చలేదు. ఆ ఒక్క రోజే అనుకోండి.

హస్కీ వెనక గోడ కింద మోచేయి లోతు గొయ్యి తవ్వింది.

హస్కీ_అనకండి
మోచేయి కాదు, భుజం. అబద్ధం చెప్పొద్దు.

నాగోల్_నారాయణ
గోడ పొడుగునా అడుగు లోతుల బండలు పాతాలె. శనివారం ఒక ట్రిప్పు పంపిస్తా, దింపుకునేటోళ్ళు ఉండాలె. మంచు కుక్కోడు తప్పకుండా రావాలె.

గచ్చిబౌలి_జిమ్మీ
మేము రావొచ్చా? ఇక్కడి నుంచి గంటేగా.